నెక్కార్ ఒడ్డున వడ్రంగి ఇల్లు

మా నాన్న ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపు చూసేవారు. మనుషుల్ని పలకరించడం ఆ తర్వాతే. గుమ్మం మీద చెయ్యి ఆనించి, అతుకు దగ్గర వేలితో తడిమి, "మంచి పనివాడే" అనో, "తొందరపడ్డాడు" అనో తనలో తను అనుకునేవారు. మాది మండపేట దగ్గర ఒక ఊరు. నాన్న వడ్రంగి. ఊళ్ళో అందరూ ఆచారిగారూ అని పిలిచేవారు. ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో ఎప్పుడూ టేకు వాసన, కాళ్ళ కింద చిత్రిక పొట్టు. చెవి మీద ఎర్ర పెన్సిలు. కొలతలు, లెక్కలు, ఎవరెంత ఇవ్వాలో, అన్నీ చెక్కల మీదే రాసుకునేవారు. ఏడో తరగతితో చదువు ఆగిపోయినా, సాయంత్రం స్నానం చేసి గ్రంథాలయానికి వెళ్ళకుండా ఉండలేకపోయేవారు.

2007 అక్టోబర్లో మొక్కల శాస్త్రంలో పరిశోధన కోసం జర్మనీలో ట్యూబింగెన్‌కి వెళ్ళినప్పుడు, ఆ తలుపులు చూసే అలవాటు నాక్కూడా వచ్చిందని తెలిసింది. పాత ఊరంతా కర్ర ఇళ్ళు. దూలాలు, నిట్రాళ్ళు, ఏటవాలు కమ్మీలు గోడలోంచి బయటికే కనబడుతూ ఉంటాయి, మధ్యలో సున్నపు పూత. ఆదివారం ఆదివారం ఫోన్ చేసి ఇవే చెప్పేదాన్ని. "ఆ కర్ర ఏం కర్రమ్మా?" అనేవారు నాన్న. ఓక్ అంటే అర్థమయ్యేది కాదు. "మన మద్ది లాంటిదా?" అనేవారు. నాకు తెలిసినంతలో ఏదో చెప్పేదాన్ని.

ఊరి పక్కనే నెక్కార్ నది. గోదావరి చూసి పెరిగినదానికి అది ఒక పంట కాలువంత. కానీ దాని మీద బల్లపరుపు పడవలు నడుస్తాయి. ఒక కుర్రాడు వెనక నిలబడి పొడుగాటి గెడ వేసి తోస్తుంటాడు. మొదటిసారి ఆ గెడ నీళ్ళల్లో దిగిన చప్పుడు విని వంతెన మీద అలాగే నిలబడిపోయాను. ఆ పడవలు కట్టేసే చోటికి పైన, పాత ప్రహరీ మీద, పసుపు రంగు వేసిన గుండ్రటి బురుజు లాంటి ఇల్లు ఒకటి ఉంది. ముందు విల్లో చెట్లు. నేను అద్దెకున్న ఇంటావిడ రిటైరైన టీచరు. ఆవిడే చెప్పింది, అది హోల్డర్లిన్ అనే పాతకాలపు జర్మన్ కవి ఉన్న ఇల్లని. "ఆయన ఇల్లా?" అన్నాను. "కాదు, ఒక వడ్రంగిది" అంది.

ఆ మాటతోనే నాకు ఈ కథ పట్టుకుంది.

ఫ్రీడ్రిష్ హోల్డర్లిన్ 1770 మార్చి 20న ఇదే నది ఒడ్డున, లౌఫెన్‌లో పుట్టాడు. రెండేళ్ళకే తండ్రి పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని న్యుర్టింగెన్‌కి వెళ్ళింది, అదీ నెక్కార్ ఒడ్డే. ఆయనకి తొమ్మిదేళ్ళు నిండబోతుండగా ఆ మారుతండ్రీ పోయాడు. కొడుకుని మతబోధకుణ్ణి చెయ్యాలని తల్లి పట్టుదల. డెంకెన్‌డోర్ఫ్, మౌల్‌బ్రోన్ మఠాల బళ్ళల్లో చదివించి, 1788లో ట్యూబింగెన్‌లో ష్టిఫ్ట్ అనే వేదాంత విద్యాలయానికి పంపింది. ఆ ష్టిఫ్ట్ ఇప్పటికీ ఉంది. బురుజింటికి రెండు మూడు నిమిషాల నడక.

ఆ హాస్టల్లో ఒకే గదిలో సర్దుకుని ఉన్న ముగ్గురు కుర్రాళ్ళ పేర్లు విన్నప్పుడు నేను నమ్మలేదు. హోల్డర్లిన్, హెగెల్, షెల్లింగ్. హెగెల్ ఇతని ఈడువాడే. షెల్లింగ్ అయిదేళ్ళు చిన్న, పదిహేనో ఏటే చేరిపోయాడు. తర్వాత యూరప్ తత్వశాస్త్రాన్ని తలకిందులు చేసినవాళ్ళు ఆ ఇద్దరూ. ముగ్గురూ గ్రీకు కవుల్ని చదువుకుంటూ, ఫ్రాన్సులో విప్లవం వార్తల కోసం చెవులు కోసుకునేవారు. కవిత్వానికైతే వేరే జట్టు: నోయిఫర్, మాగెనౌ అనే ఇద్దరు స్నేహితులు. ముగ్గురూ కలిసి చిన్న కవుల సంఘం పెట్టుకుని, ఎవరు రాసింది వాళ్ళు చదివి వినిపించుకుని తప్పులు దిద్దుకునేవారు. ఇరవై ఏళ్ళవాళ్ళ పట్టుదల అది. ఏ ఊళ్ళో ఉన్నా ఒకటే.

చదువయ్యాక హోల్డర్లిన్ మతబోధకుడి ఉద్యోగానికి వెళ్ళలేదు. ఇళ్ళల్లో పిల్లలకి చదువు చెప్పే పనిలో కుదిరాడు. అప్పటికే పేరున్న కవి షిల్లర్ ఇప్పించిన పనే మొదటిది. 1794లో యేనాకి చేరాడు. అక్కడ జరిగిన ఒక సంగతి మా ఇంటావిడ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. షిల్లర్ ఇంటికి వెళ్తే అక్కడ ఎవరో ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. షిల్లర్ పరిచయం చేశాడు కానీ పేరు చెవిన పడలేదు. ఇతను ముక్తసరిగా దణ్ణం పెట్టి, షిల్లర్ వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ పెద్దమనిషి చేతిలో ఉన్నది హోల్డర్లిన్ నవల ముక్క అచ్చయిన పత్రికే. దాన్ని తిరగేస్తూ ఉన్నాడాయన. షిల్లర్ లోపలికి వెళ్ళినప్పుడు గదిలో ఇద్దరే మిగిలినా మాట పెరగలేదు. ఆ సాయంత్రం ప్రొఫెసర్ల క్లబ్బుకి వెళ్తే తెలిసింది, మధ్యాహ్నం షిల్లర్ ఇంట్లో ఉన్నది జర్మన్ మహాకవి గేటే అని. ఈ సంగతి స్వయంగా నోయిఫర్‌కి ఉత్తరంలో రాసి బాధపడ్డాడు. ఆ ఉత్తరం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. తర్వాత గేటే ఆయన్ని 1797లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కలిసి, చిన్న చిన్న కవితలు రాయమని సలహా ఇచ్చాడు. పెద్ద పెద్ద స్తోత్రాలు రాయడానికి పుట్టిన మనిషికి!

ఫ్రాంక్‌ఫర్ట్ కథ అందరూ చెప్పుకునేదే. 1796లో గొంటార్ అనే వ్యాపారి ఇంట్లో పిల్లలకి పంతులుగా చేరాడు. ఇంటావిడ జుజెట్‌ని ప్రేమించాడు, ఆవిడా ప్రేమించింది. తన నవల 'హైపీరియన్'లో కథానాయిక దియోతిమా ఆవిడే. హెగెల్‌కి కూడా అదే ఊళ్ళో ఉద్యోగం చూసి పెట్టింది ఇతనే. 1798లో ఆ ఇల్లు వదలాల్సి వచ్చింది. సింక్లేర్ అనే స్నేహితుడు దగ్గర్లోని హోంబుర్గ్‌లో ఉండేవాడు. అక్కడికి చేరి, నెలకోసారి నడిచి వచ్చి, తోట కంచె సందులోంచి ఉత్తరాలు ఇచ్చి పుచ్చుకునేవాడు. 1800తో అదీ ఆగిపోయింది. 1801 చివర ఫ్రాన్సులో బోర్డోకి బయల్దేరాడు, చాలావరకు కాలినడకన, మంచు కొండల మీదుగా. కొన్ని నెలలకే తిరిగి వచ్చేశాడు. 1802 జూన్ 22న జుజెట్ చనిపోయింది. ఆ వేసవిలో న్యుర్టింగెన్ చేరిన మనిషిని చూసినవాళ్ళు గుర్తుపట్టలేకపోయారట.

నేను ఎక్కువ చెప్పాలనుకున్నది దీని తర్వాతి సంగతి.

మనసు చెదిరిపోతున్నా రాస్తూనే ఉన్నాడు. ఆయన గొప్ప కవితలు చాలావరకు ఆ నాలుగైదేళ్ళవే. సింక్లేర్ తన జీతంలోంచి డబ్బు ఇచ్చి హోంబుర్గ్‌లో లైబ్రేరియన్ ఉద్యోగం వేయించాడు. అలాంటి స్నేహితులు ఎందరికి ఉంటారు? 1805లో రాజద్రోహం నేరం మోపి సింక్లేర్‌ని పట్టుకుపోయారు. 1806 సెప్టెంబర్లో హోల్డర్లిన్‌ని బలవంతాన బండెక్కించి ట్యూబింగెన్‌లో డాక్టర్ ఔటెన్‌రీట్ ఆసుపత్రికి తెచ్చారు. అది ష్టిఫ్ట్ పక్కనే, బుర్సా అనే పాత భవనంలో. ఎక్కడ కుర్రతనంలో చదువుకున్నాడో ఆ వీధిలోకే. 231 రోజులు ఉంచారు. రోజూ ఆయన పరిస్థితి రాసిపెట్టే పని ఒక వైద్య విద్యార్థిది. ఆ కుర్రాడు యుస్టీనుస్ కెర్నర్, తర్వాత తనూ పేరున్న కవి అయ్యాడు. నయం కాదని తేల్చారు. ఎక్కువలో ఎక్కువ మూడేళ్ళు బతుకుతాడన్నారు.

అప్పుడు వచ్చాడు ఎర్న్‌స్ట్ ట్సిమ్మర్. వడ్రంగి మేస్త్రీ. 'హైపీరియన్' చదివాడు, నచ్చింది. ఆ పుస్తకం రాసిన మనిషి పక్క భవనంలోనే ఉన్నాడని తెలిసి ఆసుపత్రికి వెళ్ళి చూశాడు. అంత మంచి మనసు అలా పాడైపోతుంటే చూడలేకపోయానని తర్వాత చెప్పుకున్నాడు. ఔటెన్‌రీట్ అడిగితే సరేనని 1807 మేలో తన ఇంటికి తీసుకొచ్చేశాడు. నది వైపు ఉన్న గుండ్రటి గది ఇచ్చాడు. జర్మన్‌లో ట్సిమ్మర్ అంటే గది అనే అర్థం. భాష కొత్తగా నేర్చుకుంటున్న రోజుల్లో ఆ పేరు చదివినప్పుడల్లా నాకు తలుపు తెరిచిన గదే కళ్ళ ముందుకొచ్చేది.

మూడేళ్ళన్న మనిషి ఆ ఇంట్లో ముప్పై ఆరేళ్ళు ఉన్నాడు.

ఆ ఇంట్లో ఒక చెక్క మీద ఆయన కవిత రాసిన సంగతి 1812లో ట్సిమ్మర్ హోల్డర్లిన్ తల్లికి రాసిన ఉత్తరంలో ఉంది. హోల్డర్లిన్ ఒకరోజు పని జరిగే చోటికి దిగి వచ్చాడు. అక్కడ ఒక గుడి బొమ్మ గీసి ఉండటం చూశాడు. అలాంటి గుడి కర్రతో నాకు చేసిపెట్టు అన్నాడు. ట్సిమ్మర్ అన్నాడు, నేను కూటి కోసం పని చెయ్యాలి, మీలాగా తీరిగ్గా తత్వాలు ఆలోచించే అదృష్టం నాకు లేదు అని. "అయ్యో, నేనూ పేదవాణ్ణే" అన్నాడు హోల్డర్లిన్. అని, అక్కడికక్కడే పెన్సిలు తీసుకుని చెక్క మీద నాలుగు పాదాలు రాశాడు. ఆ కవిత మనకి దక్కింది ట్సిమ్మర్ దాన్ని ఉత్తరంలోకి ఎక్కించి పంపబట్టే.

మా ఇంటావిడ అది చదివి వినిపించిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆదివారం దాకా ఆగలేక మర్నాడే ఫోన్ కార్డు కొని నాన్నకి చేశాను. షెడ్డులో ఉన్నారు. రంపం చప్పుడు ఆగింది. వడ్రంగి కథ అనగానే "ఉండు ఉండు" అని ఏదో ఎత్తి పక్కన పెట్టి కూర్చున్నారు.

మొత్తం విన్నారు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఊరికే పెట్టాడా తిండి?" ఊరికే కాదు నాన్నా, మూడు నెలలకోసారి ఖర్చుల లెక్క తల్లికి పంపేవాడు, ఆవిడ కట్టేది అన్నాను. కాసేపు ఆలోచించారు. "డబ్బు కోసమే అయితే మూడేళ్ళకి పంపించేసేవాడమ్మా. రాత్రిళ్ళు అరిచే మనిషి ఇంట్లో ఉంటే పిల్లలకి నిద్రలుండవు. వాళ్ళావిణ్ణి అనుకో, ఆవిడ గొప్పది" అన్నారు. ఆ మాట నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

అప్పుడు ఆ కవితని నాకొచ్చిన తెలుగులో చెప్పాను. "బతుకు గీతలు వేరు వేరు, దారుల్లా, కొండల అంచుల్లా..."

రెండు పాదాలు కూడా పూర్తిగా అయ్యాయో లేదో, "చెక్కని చూసి రాశాడు!" అన్నారు నాన్న.

అర్థం కాలేదు. ఆయనే విప్పి చెప్పారు. "దుంగని ఒకలా కోస్తే చారలు దారుల్లాగా తిన్నగా పోతాయి. ఇంకోలా కోస్తే కొండల్లాగా ఒకదాని మీద ఒకటి లేస్తాయి. ఏ రెండు పలకల్లోనూ గీతలు ఒక్కలా ఉండవు. చేతిలో చెక్క ఉంది, కళ్ళ ముందు అదే కనబడింది, అదే రాశాడు. మీ పంతుళ్ళకి ఇది తెలీదా?"

పండితులు ఆ పాదాలకి ఎన్ని వ్యాఖ్యానాలు చెప్పినా నాకు అప్పటినుంచీ ఈ వ్యాఖ్యానమే. మిగతా రెండు పాదాలు చెప్పబోయేసరికి కార్డులో డబ్బులైపోయి ఫోన్ కట్టయింది. ఇక్కడ మనమేమిటో దాన్ని అక్కడ ఒక దేవుడు పూర్తిచేయగలడు, శ్రుతితో, తరగని ప్రతిఫలంతో, శాంతితో అని ఉంటుంది ఆ తర్వాత.

ఆ ముప్పై ఆరేళ్ళల్లో హెగెల్ ఆ మెట్లెక్కలేదు. 1803లో షెల్లింగ్ అతనికి ఉత్తరం రాసి, మన స్నేహితుడి పరిస్థితి ఘోరంగా ఉంది, నువ్వు కాస్త చూసుకోగలవా అని అడిగాడు. అంతే. తల్లి నలభై కిలోమీటర్ల లోపు దూరంలో ఉంది, 1828లో పోయేదాకా ఉత్తరాలే తప్ప రాక లేదు. సింక్లేర్ 1815లోనే చనిపోయాడు. అప్పట్లో వీళ్ళందరి మీదా నాకు చెప్పలేనంత కోపం ఉండేది. ఇప్పుడు ఆ కోపం తల్లి మీద లేదు. ఇద్దరు భర్తల్ని, కొందరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి. చూసి తట్టుకోలేక రాలేదేమో.

వచ్చినవాళ్ళు వేరు. 1822లో వైబ్లింగర్ అనే పదిహేడేళ్ళ కుర్రాడు, తనూ కవే, తనూ ఆ ష్టిఫ్ట్‌లోనే విద్యార్థి. వారం వారం వచ్చేవాడు. ఓస్టర్‌బెర్గ్ గుట్ట మీద తను అద్దెకు తీసుకున్న తోట ఇంటికి హోల్డర్లిన్‌ని తీసుకెళ్ళేవాడు. ఆయన కిటికీ దగ్గర కూర్చుని లోయ చూస్తూ ఉండేవాడు. ఆ కుర్రాడు రాసిన జ్ఞాపకాల్లోనే మనకి ఆ గది కనబడుతుంది: పియానో మీద వేళ్ళు పరిగెడుతుంటే పొడుగ్గా పెరిగిన గోళ్ళు టకటకా కొట్టుకోవడం, వచ్చిన ప్రతివాళ్ళనీ "మహారాజా", "పూజ్యులు" అంటూ వంగి వంగి పలకరించడం. వైబ్లింగర్ స్నేహితుడు మ్యోరికె కూడా వచ్చేవాడు. 1826లో ఊలాంట్, ష్వాబ్ అనే ఇద్దరు కవులు కలిసి హోల్డర్లిన్ కవితల్ని మొదటిసారి పుస్తకంగా వేశారు. పుస్తకం రాసినాయన బురుజులో అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాడు. వైబ్లింగర్ 1830లో రోమ్‌లో, ఇరవై అయిదేళ్ళకే పోయాడు.

చివరి ఏళ్ళల్లో ఊరి విద్యార్థులు వచ్చి కవిత అడిగేవారు. "దేని మీద రాయమంటారు? గ్రీసు మీదా, వసంతం మీదా, ఈ కాలపు పోకడ మీదా?" అని అడిగి, నిలబడే రాసి ఇచ్చేవాడు, ఎడమ చేత్తో బల్ల మీద తాళం వేసుకుంటూ. కింద స్కార్డనెల్లి అని సంతకం. తేదీ 1758 అని ఒకసారి, 1940 అని ఒకసారి. చాలావరకు రుతువుల గురించే. కిటికీలోంచి ఏం కనబడితే అది. నేను ఆ కవితలు చదివింది ఆ కిటికీ దగ్గర నిలబడే. గది అసలుది కాదు, 1875లో ఇల్లు కాలిపోతే తిరిగి కట్టారు. నది మాత్రం అదే. బాతులు, హంసలు, అవతలి గట్టున ప్లేన్ చెట్ల వరస.

ఆయన కవితల్లో అందరికీ వచ్చినది 'జీవితంలో సగం'. పసుపుపచ్చ పళ్ళు, అడివి గులాబీలు, చెరువులోకి వంగిన నేల, ముద్దుల మత్తులో నీళ్ళల్లో తల ముంచే హంసలు. రెండో సగంలో చలికాలం. చివరి పాదంలో ఒక మాటని నేను జెండాలు అని చదువుకున్నాను. మా ఇంటావిడ నన్ను కిటికీ దగ్గరికి పిలిచి, ఎదురింటి కప్పు మీద తిరిగే తుప్పుపట్టిన రేకుకోడిని చూపించింది. గాలి ఎటుందో చెప్పేది. "ఆ చప్పుడు విను" అంది. కిర్రు, కిర్రు. ఆ శీతాకాలం అంతా ఆ చప్పుడుతోనే నిద్రపోయాను.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. 1831లో అదే ష్టిఫ్ట్‌లో హెర్మన్ గుండర్ట్ అనే కుర్రాడు చేరాడు. తర్వాత కేరళ వెళ్ళి మలయాళానికి గొప్ప నిఘంటువు చేసినది ఆయనే. ఆయన చదువుకున్న నాలుగేళ్ళూ హోల్డర్లిన్ ఆ పక్క వీధిలోనే బతికి ఉన్నాడు. దక్షిణాది నుంచి వెళ్ళినదాన్ని కదా, ఆ వీధిలో నడిచినప్పుడల్లా ఇది తలుచుకునేదాన్ని.

ట్సిమ్మర్ 1838లో పోయాడు. అయినా ఆ ఇంట్లోవాళ్ళు హోల్డర్లిన్‌ని ఎక్కడికీ పంపించలేదు. కూతురు లోట్టె చూసుకుంది. ఆవిడ పుట్టకముందు నుంచీ ఆయన ఆ ఇంట్లో మనిషే. 1843 జూన్ 7 రాత్రి సంగతి ఆయన తమ్ముడికి ఆవిడే ఉత్తరం రాసింది. సాయంత్రం పియానో వాయించాడు, మా గదిలోనే అన్నం తిన్నాడు, పడుకున్నవాడు ఏదో బెంగగా ఉందని మళ్ళీ లేచాడు, నేను ధైర్యం చెప్పాను, బాధ లేకుండా వెళ్ళిపోయాడు అని. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా "మా గదిలోనే" అన్న దగ్గర ఆగిపోతాను.

2011లో తిరిగొచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను. ఇల్లు తీసుకున్నాక వంటింట్లో అరలు వెయ్యడానికి నాన్న ఊరి నుంచి చెక్కలు కట్టించుకుని బస్సులో వచ్చారు. పెద్దతనం వచ్చేసింది అప్పటికే, రంపం పట్టుకుంటే చెయ్యి వణికేది. రెండు రోజులు కూర్చుని మూడు అరలు బిగించారు. నాలుగేళ్ళ క్రితం నాన్న పోయారు.

ఆ తర్వాతి ఏడాది వంటింటికి సున్నం వేయించాలని అరల మీద డబ్బాలన్నీ దించాము. పోపుల డబ్బా ఉండే అర కింది వైపు, గోడకి దగ్గరగా, ఎర్ర పెన్సిలుతో నాన్న దస్తూరీ. "బతుకు గీతలు వేరు వేరు. దారుల్లా, కొండల అంచుల్లా." రెండు పాదాలే. దాని కింద గీత కొట్టి, 3 అడుగుల 2 అంగుళాలు.